ముందు మగ్గం తినాలి

మొన్న పటమటలో మా ఇంటికి ఒక కాలేజీ లెక్చరరు వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి. కష్టాలకు ఎదురు నిలిచి బతికిన ఆడవాళ్ల కథలు సేకరించి పుస్తకం వేస్తున్నారట. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నాలుగు కథలు అచ్చయినదాన్ని కాబట్టి నా దగ్గర మంచి సంగతులు దొరుకుతాయని ఎవరో చెప్పి పంపారు. ఫోన్‌లో రికార్డింగు పెట్టి బల్ల మీద ఉంచి, "చిన్నప్పుడు మీరు చాలా కష్టపడ్డారట కదా మేడమ్. అంత కష్టంలో మిమ్మల్ని నిలబెట్టిందేమిటో చెప్పండి," అంది. "మా నాయనమ్మ," అన్నాను. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి చెయ్యి చాచి ఫోన్ ఆపేసింది. "ఏమీ అనుకోకండి మేడమ్. పిల్లలకు పాఠంగా పెట్టాలనుకుంటున్నాం. వాళ్లకు కొంచెం స్ఫూర్తినిచ్చేది ఇంకేదైనా ఉంటే..." అని నసిగింది. ఇంకేమీ లేదన్నాను. కాఫీ తాగి, కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ వయసులో నేనూ కథలకు మంచి ముగింపులే వెతికాను. కానీ చెప్పని సగం అలాగే ఉండిపోయింది. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

మా ఊరు బెజవాడకు దిగువన, బందరు కాలువ గట్టు మీద. రైతుల వీధి ఒక కొస, నేతగాళ్ల వీధి ఇంకో కొస. మా ఇంట్లో అడుగు పెట్టగానే మగ్గమే ఎదురొచ్చేది. ముందుగదిలో సగం మగ్గం, దాని కింద గుంట, ఆ గుంటలో నాన్న కాళ్లు. చిన్నప్పుడు నేను నాన్నను నిలువెత్తున చూసింది తక్కువ, నడుము పైనున్న నాన్ననే ఎక్కువ చూశాను. తడి నూలు వాసన, పులిసిన గంజి వాసన, ఆముదం దీపపు కమురు వాసన కలిసిపోయి మా ఒంటికే అంటుకుని ఉండేవి. బళ్లో రైతుల పిల్లలు మమ్మల్ని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టేవాళ్లు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, ఒడిలో పాలు తాగే మా చెల్లి. నేను కండెలు నాన్నకు అందించేదాన్ని. నాలుగేళ్ల మా తమ్ముడు కోటి తెగిన పోగుల ముక్కలు ఏరుకుని మొలతాడుకు ముడులు వేసుకునేవాడు. రంగురంగుల ముడులు. వాడు నడుస్తుంటే తోక ఉన్నట్టుండేది.

ఇంటికి పెద్ద నాయనమ్మ. ఎండుకట్టెలాంటి పొడుగు మనిషి, ఎప్పుడూ బుగ్గన పొగాకు కాడ. తాతయ్య పోయేనాటికి నాన్న చంకబిడ్డట. మగవాళ్లు కూర్చునే మగ్గంలో తానే కూర్చుని నేసి కొడుకును పెంచింది. ఆ సంగతి ఎవరైనా పొగిడితే, "చస్తే ఎవరు పెడతారు?" అని మాట తుంచేసేది. ఇంట్లో గరిటె ఆమె చేతిలోనే ఉండేది. ముందు నాన్నకు, తర్వాత మాకు, తర్వాత అమ్మకు, చివర తనకు. కానీ అందరికంటే ముందు నూలుకు. పచ్చి నూలు అలాగే నేస్తే పోగులు పుటుక్కున తెగిపోతాయి. పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడుగునా సాగదీసి కట్టి, బియ్యపు గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఆరబెడితేనే అవి మగ్గం దెబ్బకు తట్టుకుంటాయి. ఆ గంజి కోసం ఇంట్లో బియ్యం తీసేటప్పుడు నాయనమ్మ ప్రతిసారీ ఒకటే మాట అనేది: "ముందు మగ్గం తినాలి. అది తింటేనే మనం తినేది." మంచి రోజుల్లో అది నవ్వుతూ చెప్పే మాట. మిగిలిన గంజిలో ఉప్పు వేసి మాకు తలా కాస్త పోసేది కూడా.

యుద్ధం వచ్చింది. ఎక్కడో జరుగుతోందని వినేవాళ్లమే గాని మా వీధిలో తుపాకీ కాల్చినవాడు లేడు. ముందు నూలు రావడం తగ్గింది, తర్వాత ఆగింది. బెజవాడ షావుకారు నూలిచ్చి బట్ట తీసుకునేవాడు, ఆయన కొట్టు ముందు నాన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. రంగూను బియ్యం రావడం లేదన్నారు, ధర మా చేతికందనంత పైకి పోయింది. మా చుట్టూ కనుచూపు మేర వరిచేలే. మా కళ్లముందే కాలువలో ధాన్యం పడవలు బెజవాడకు పోతుండేవి. పడవవాళ్లు గట్టు వెంట తాడు లాగుతుంటే మేం పిల్లలం వెనకాల నడిచేవాళ్లం, బస్తా చిరిగి గింజలు రాలతాయేమోనని. రాలేవి కావు. కోతలైన చేలలో పరిగె, అంటే రాలిన కంకులు, ఏరుకునేవాళ్లం. అదీ అయిపోయాక తూటికూర, నత్తలు, తవుడు రొట్టె. తవుడు రొట్టె తిన్న రోజు కోటి కడుపు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏడవడం మానేశాడు. వీధిలో చాలామంది పిల్లలు అప్పటికి ఏడవడం మానేశారు.

పక్కింటివాళ్లు మగ్గం విప్పి కట్టెల కింద అమ్ముకున్నారు. వారం తిరక్కుండా ఆ ఇంటి ముసలాయన పోయాడు. ఎదురింటివాళ్లు రాత్రికి రాత్రే ఊరు వదిలిపోయారు, ఎక్కడికని ఎవరూ అడగలేదు. నాన్న కూడా మగ్గం అమ్మేద్దామన్నాడు. నాయనమ్మ మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. "నన్ను కూడా కలిపి అమ్ము," అంది. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా ఉండగా ఒకరోజు షావుకారు నాన్నకు ఒక పడుగుకు సరిపడా నూలిచ్చాడు. ముతక నూలు. బట్ట శుభ్రంగా వస్తే మళ్లీ ఇస్తానని, చెడగొడితే గుమ్మం తొక్కొద్దని చెప్పి పంపాడు. ఆ నూలు చూసి అమ్మ ఏడ్చింది. నాయనమ్మ ఒక పోగు తీసి నాలుక మీద పెట్టుకుని, రెండు చేతులా లాగి, "పుల్లలా ఉంది. గంజి చిక్కగా పడితే తప్ప నిలవదు," అంది. ఇంట్లో ఉన్నది కుండ అడుగున నూకలు. అవి అమ్మ పిల్లల కోసం దాచింది. నాయనమ్మ ఆ కుండ తెచ్చి మొత్తం ఎసట్లో ఒంపింది.

"అత్తయ్యా, ఒక్క గరిటె పక్కన పెట్టండి. కోటిగాడు నిన్నట్నుంచీ ఏమీ తిన్లేదు," అంది అమ్మ.

"ఇవాళ గరిటె తాగుతాడు. రేపో?"

"రేపటి సంగతి రేపు చూద్దామండీ."

"అట్టా అనుకున్నోళ్లే కట్టెలమ్ముకున్నారు. ఈ పడుగు తెగిందా, షావుకారు మళ్లీ మన మొహం చూడడు. అప్పుడు వీడొక్కడే కాదు, అందరం పోతాం సుబ్బులూ. నాకు మాత్రం వాడు మనవడు కాదా?"

గంజి ఉడుకుతుంటే ఆ వాసనకు కోటి పొయ్యి దగ్గరికి పాక్కుంటూ వచ్చి వేలు ముంచబోయాడు. నాయనమ్మ గరిటె కాడతో వాడి చేతి మీద కొట్టింది. అంతకుముందు పడుగుకు మేం పిల్లలం చాటుగా గంజి తాగి నీళ్లు కలిపేశాం, పోగులు తెగి నాన్న నానా అవస్థ పడ్డాడు. అది ఆమె మరిచిపోలేదు. గంజికి బూజు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం మా వీధిలో మామూలే. ఆ రోజు నాయనమ్మ చిటికెడు కాదు, గుప్పెడు తీసింది. నీలం రాళ్లు నూరి గంజిలో కలిపి, మా ఇద్దరినీ పిలిచి కుండ చూపించింది.

"ఒరేయ్ కోటీ, ఏమే రత్నం, ఇటు చూడండి. దీన్లో విషం కలిపాను. ముట్టుకుంటే చస్తారు. తెలిసిందా?"

నాకు తెలిసింది. వాడికి తెలియలేదు. ఎండలోకి పోతే చస్తావురా, కాలవలో దిగితే చస్తావురా, మట్టి తింటే చస్తావురా అని పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటే అది. అవన్నీ చేశాడు, ఏమీ కాలేదు.

మర్నాడు తెల్లవారుతూనే వీధిలో పడుగు కట్టారు. ఎండ ముదరక ముందే గంజి పట్టించి దువ్వాలి. ఒక పక్క నాన్న, ఇంకో పక్క సాయానికొచ్చిన వీధివాళ్లిద్దరు, వెనకాల పోగులు విడదీస్తూ నాయనమ్మ. కుండను మా అరుగు కింద నీడలో పెట్టారు. అమ్మ లోపల చెల్లికి పాలిస్తోంది. నేను నాయనమ్మకు తెగిన పోగులు చూపిస్తూ నడుస్తున్నాను. తిరిగి చూసేసరికి కోటి కుండ ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులా కొబ్బరిచిప్ప ఎత్తి తాగుతున్నాడు. మెడ మీదుగా గంజి కారుతోంది. నేను అరిచాను. వాడు చిప్ప వదల్లేదు. ఎవరైనా లాక్కుంటారని ఇంకా గబగబా తాగాడు.

నాన్న కుంచె పారేసి పరిగెత్తబోయాడు. "చెయ్యి ఆపకు!" అని నాయనమ్మ అరిచిన అరుపుకు వీధంతా నిలబడిపోయింది.

"అమ్మా, పిల్లాడే!"

"నేను చూస్తాను. నువ్వొచ్చి చేసేదేముంది? పోగులు అతుక్కుపోతున్నాయి. దువ్వు!"

తడి పడుగును వదిలేస్తే పోగూ పోగూ అతుక్కుని చాపలా బిగుసుకుపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. అది నాన్నకు తెలుసు. వీధిలో ప్రతివాళ్లకూ తెలుసు. ఆయన కుంచె తీసుకున్నాడు. నాయనమ్మ వచ్చి కోటిని బోర్లా తిప్పి మోకాలి మీద వేసుకుని గొంతులో వేళ్లు పెట్టి కక్కించింది. నీలంగా, పచ్చగా కక్కాడు. "సుబ్బులూ, పెద్దరైతు గారింటికి పో. మజ్జిగడుగు. పరిగెత్తు," అంది. అమ్మ చెల్లిని నా చేతిలో పడేసి చెంబు తీసుకుని పరిగెత్తింది. కోటి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతూ అరుస్తున్నాడు. నాన్న పడుగు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు దువ్వుతూ నడుస్తున్నాడు. ఈ కొసకు వచ్చినప్పుడు కొడుకు కనిపిస్తాడు, ఆ కొసకు పోయినప్పుడు కనపడడు. ఆయన ముఖం మీద నీళ్లు ధారగా కారుతున్నాయి, చెయ్యి మాత్రం తప్పలేదు. ఒక్క పోగు అతుక్కోలేదు.

అమ్మ మజ్జిగ తెచ్చేసరికి వాడి వాంతులు ఆగిపోయాయి. మంచిదే అనుకున్నాం. మజ్జిగ పోస్తే రెండు గుక్కలు మింగి, పెదాలు బిగించుకున్నాడు. పడుగు ఆరాక, బెజవాడ ఆసుపత్రికి తీసుకుపోదామని నాన్న వచ్చేటప్పటికి పడవేదీ లేదు, బండి ఇచ్చేవాళ్లు లేరు. మధ్యాహ్నమంతా వాడు నాయనమ్మ ఒళ్లోనే ఉన్నాడు. అమ్మ తీసుకోబోతే రాలేదు, నాయనమ్మ చీర గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. పొద్దు వాలుతుండగా కళ్లు తెరిచి ఆమెను అడిగాడు.

"నేను చచ్చానా నాయనమ్మా?"

"లేదురా నాన్నా. పడుకో."

దీపాలు పెట్టే వేళకు పోయాడు.

బట్టలు నేసే ఇంట్లో వాడి మీద కప్పడానికి బట్ట లేదు. ఉన్న రెండు చీరల్లో ఒకటి అమ్మ ఒంటి మీద ఉంది, ఇంకోటి నాయనమ్మ ఒంటి మీద. నాయనమ్మ లోపలికి పోయి తన చీర సగానికి చింపుకొచ్చింది. సగం వాడికి చుట్టారు, మిగిలిన సగం ఆమె చుట్టుకుంది. మోకాళ్లు కనిపిస్తున్నాయి, తల మీద ముసుగుకు గుడ్డ చాలలేదు. ఆ తర్వాత కొత్త చీర వచ్చేదాకా ఆమె గుమ్మం దాటలేదు. కాలువ గట్టున వాడిని పూడ్చి వచ్చాక నాన్న అరుగు మీద కూర్చున్నాడు. మగ్గం మీదికి పడుగు ఎక్కించమని నాయనమ్మ మూడోనాడే చెప్పింది. వీధి పెద్ద ఒకాయన గుమ్మంలోకి వచ్చి, "మైలలో మగ్గం ఎక్కడమేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. "మైలా మడీ కడుపు నిండినోళ్లకి నాయనా. నలుగురూ తలా సోలెడు బియ్యం పంపిస్తే పదకొండు రోజులూ ఏడుస్తాం," అంది తలుపు చాటు నుంచి. ఆయన వెళ్లిపోయాడు. బియ్యం ఎవరూ పంపలేదు. నాన్న గుంటలోకి దిగాడు.

ఆ పడుగు మీద బట్ట ఎంత బాగా వచ్చిందంటే షావుకారు మెచ్చుకుని వెంటనే ఇంకో పడుగు నూలిచ్చాడు. ఇంట్లోకి బియ్యం వచ్చాయి. ఆ అన్నం ఉడికిన రోజు నాకు కోటి గుర్తు రాలేదు. అన్నమే కనిపించింది. అమ్మ మాత్రం విస్తరి ముందు కూర్చోలేదు. నాయనమ్మ ముద్ద కలిపి తెచ్చి, "తిను," అంది. అమ్మ గోడవైపు తిరిగింది. నాయనమ్మ ఒక చేత్తో అమ్మ దవడ పట్టుకుని నోరు తెరిపించి ముద్ద కుక్కింది. "నువ్వు తినకపోతే పాలు రావు. నీ పంతానికి ఈ చంటిదాన్ని కూడా పంపిస్తావా? నమిలి మింగు." అమ్మ కళ్లు మూసుకుని మింగింది. మళ్లీ ఒక ముద్ద. మళ్లీ ఒకటి. నేను నా విస్తరి చివరిదాకా తుడుచుకుని తింటూ ఇదంతా చూశాను.

మా వీధిలో ఆ రోజుల్లో చాలా ఇళ్లు ఖాళీ అయిపోయాయి. మా ఇంట్లో కోటి తప్ప ఎవరూ పోలేదు. చెల్లి బతికింది, నేను బతికాను. యుద్ధం ఆగింది, స్వరాజ్యం వచ్చింది, నన్ను చదివించింది కూడా నాయనమ్మే. "దీన్ని మగ్గం దగ్గరికి రానీకండి," అని పట్టుబట్టింది. నాన్న జీవితాంతం నేశాడు గాని, గంజి కాచే రోజున కాలువ గట్టుకు పోయి కూర్చునేవాడు. అమ్మ నాయనమ్మకు చేయవలసినవన్నీ చేసింది. ఒక్కటే మానేసింది, అత్తయ్యా అని పిలవడం. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి చెప్పేది, లేకపోతే నాతో చెప్పించేది. నాయనమ్మ మంచాన పడ్డాక అమ్మే నీళ్లు పోసి, బట్టలు మార్చి, పుళ్లు కడిగింది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "సుబ్బులూ, ఒక్కసారి అత్తయ్యా అనవే," అంది. అమ్మ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, "పక్కకు తిరగండి, దుప్పటి మార్చాలి," అంది. మర్నాడు నాయనమ్మ పోయింది. నాకు అప్పుడు పెళ్లీడు. అమ్మది ఎంత రాతి గుండె అనుకున్నాను.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర చీరల షాపులో చేనేత అంటే వేరే గది, ఏసీ, కూర్చోబెట్టి చల్లటి నీళ్లిస్తారు. మనవరాలు పెళ్లి చీరలకని నన్ను తీసుకుపోయింది. పిల్ల ఒక చీర తడిమి, "గంజి వాసన ఎంత బాగుందో కదా అమ్మమ్మా, అచ్చం ఒరిజినల్," అంది. బాగుందన్నాను. దాని సంతోషం నేనెందుకు చెడగొట్టాలి? కష్టం మనిషిని గట్టిపరుస్తుందని నేను కూడా బళ్లో ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. గట్టిపడినవాళ్లను చూశాను కాబట్టి ఆ మాట అబద్ధమని అనలేను. గట్టిపడ్డాక వాళ్లను ముట్టుకుంటే ఎలా ఉంటుందో మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ఆకలికి మంచివాళ్లు చెడ్డవాళ్లు తెలియదు, అది ముందు ఎవరిని వంచుతుందో చెప్పలేం. ఇది నాకు తెలియజెప్పింది నాయనమ్మ కాదు, అమ్మ.

అమ్మ చివరి రోజులు నా దగ్గరే, ఈ పటమట ఇంట్లోనే గడిచాయి. ఒకరోజు భోజనాల దగ్గర, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగేశాను.

"నాయనమ్మది తప్పంటావా అమ్మా?"

"తప్పేముంది? ఆవిడ చెప్పినట్టు చెయ్యబట్టే నువ్వూ చెల్లీ ఉన్నారు."

"మరి పోయేముందు అడిగితే కూడా ఎందుకు పిలవలేదు?"

అమ్మ పళ్లెంలో మెతుకులు ఒక పక్కకు జరిపింది.

"మజ్జిగ కోసం పెద్దరైతు గారి పెరట్లోకి పోయాను కదా," అంది. "ఆ ఇంటావిడ పశువులకి పెట్టడానికి చద్దన్నం గంప పట్టుకుని నిలబడింది. నా మొహం చూసి, అయ్యో ఇంత తిని పోవే అని ఆకులో పెట్టింది. వద్దు, పిల్లాడు చచ్చిపోతున్నాడని చెప్పాలనే నోరు తెరిచాను. కూర్చున్నాను. మొత్తం తిన్నాను రత్నం. ఆకు నాకాను. అప్పుడు మజ్జిగ చెంబెత్తుకుని పరిగెత్తాను."

నేను గ్లాసులో నీళ్లు పోసి అమ్మ ముందుకు జరిపాను.

"ఇంటికొచ్చేసరికి నా గడ్డం మీద మెతుకుంది. మీ నాయనమ్మ చూసింది. వాడు ఒళ్లో కొట్టుకుంటున్నాడు. ఒక్క మాట అనకుండా, ఎవరూ చూడకుండా, తన చేత్తో అది తుడిచేసింది. పోయేదాకా ఎవరితోనూ అనలేదు. ఆవిడ నన్ను తిట్టుంటే పిలిచేదాన్నే." అమ్మ నా వైపు చూడకుండా అన్నం కలుపుకుంది. "గోంగూర వేసింది ఆ రైతింటి మహాతల్లి, పచ్చి ఉల్లిపాయ కూడా. ఇన్నేళ్లలో మళ్లీ అంత రుచైన అన్నం తిన్లేదమ్మా."